ఎర్రబడ్డ ఏడో నంబరు

మొన్న శనివారం పొద్దున తెనాలి నుంచి బాపట్ల వెళ్లే ప్యాసింజర్లో, ఒళ్లో గంప, గంపలో ఎర్రటి కోడి, కళ్లలో నీళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషిని మీలో ఎవరైనా చూశారా? చూసుంటే అది నేనే. చూడకపోతే మరీ మంచిది, నా నోటితోనే వినండి. టీ చల్లారిపోతోంది, తాగుతూ వినండి. ఒక్క సంగతి ముందే చెప్పేస్తాను, మీరు కంగారు పడకుండా. ఆ కోడి బతికే ఉంది. దానికేం కాలేదు. అయినా ఇవాళ మా దొడ్లో ఒక్క కోడి కూడా లేదు. ఎందుకు లేదో తెలియాలంటే మొదటినుంచీ రావాలి.

నేను కోళ్లు పెంచడమేంటని మీకు అనిపిస్తూనే ఉంటుంది. మా ఆవిడ సుగుణకీ అనిపించింది. హైస్కూల్లో సైన్సు చెప్పుకునేవాణ్ణి, నాకు సెంటు భూమి లేదు. కానీ రేడియోలో రైతుల కోసం చెప్పేదంతా వినడం నాకు అలవాటు. ఏ తెగులుకు ఏ మందు చల్లాలో అడగండి, గడగడా చెప్పేస్తాను. చల్లడానికి చేను లేదంతే. అలా వింటూ ఉంటే ఒకరోజు తెల్ల కోళ్ల గురించి చెప్పారు. సీమ జాతి, లెగ్‌హారన్ అంటారట. నాటు పెట్టయితే నాలుగు గుడ్లు పెట్టి పొదుగుడు కూర్చుంటుంది. ఇవి కూర్చోవట. పెడుతూనే ఉంటాయట. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

బాపట్లలో సాంబయ్య గారని ఒకాయన ఈ కోళ్లు పెంచుతున్నాడని తెలిసి, ఆదివారం వెళ్లి పన్నెండు పెట్టల్ని రెండు గంపల్లో పెట్టుకుని రైల్లో తెచ్చేశాను. మల్లెపూలలా ఉన్నాయండి. ఎర్రటి తురాయి, ఒళ్లంతా తెలుపు. గుమ్మంలో దించగానే సుగుణ వాటి వంక చూసింది, నా వంక చూసింది.

"కోళ్లకు నేను భయపడటం లేదు. మీకే భయపడుతున్నాను," అంది. "మీరు ఒకసారి దిగులు పడటం మొదలుపెడితే ఇల్లంతా పడాలి. అందుకని ఇప్పుడే చెబుతున్నా. వీటిలో ఒక్కటి జబ్బు చేసి మన దొడ్లో చచ్చిందంటే, మిగిలిన పదకొండూ ఆ సాయంత్రమే బాపట్ల బండెక్కాలి."

సరేనన్నాను. అనక ఏం చేస్తాను? ఆ క్షణం నుంచి నాకు ఒకటే ధ్యాస. ఒక్కదానికీ జబ్బు రాకూడదు.

సాంబయ్య గారు కోళ్లతోపాటు ఓ చిన్న పుస్తకం ఇచ్చాడు. కోళ్ల జబ్బుల మీద పది పేజీలున్నాయి అందులో. ఆ పది పేజీలూ చదవకుండా ఉంటే ఇవాళ నా కోళ్లు నా దొడ్లోనే ఉండేవి. 'ఆరోగ్యంగా ఉన్న కోడి ఉల్లాసంగా ఉంటుంది' అని మొదటి వాక్యం. ఉల్లాసం ఎలా ఉంటుందో రాయలేదు. నేను పీట వేసుకుని గంటలకొద్దీ వాటి మొహాల్లోకి చూసేవాణ్ణి. మూడో నంబరు ఆవలించింది. ఊపిరి ఆడటం లేదేమోనని దాన్ని ఎత్తుకుని వీధి చివరిదాకా గాలికి తిప్పాను. నంబర్లేంటంటారా? కాళ్లకు రేకు ముక్కలు కట్టి ఒకటి నుంచి పన్నెండు దాకా వేశాను. సాయంత్రం స్కూలు నుంచి రాగానే హాజరు తీసుకునేవాణ్ణి. నవ్వకండి, ఇంకా అసలు కథే మొదలవలేదు.

ఇంకోరోజు ఐదో నంబరు మట్టిలో అడ్డంగా పడి, కాళ్లూ రెక్కలూ కొట్టుకుంటూ, కళ్లు సగం మూసి గిలగిలలాడుతోంది. మూర్ఛ అనుకున్నాను. బకెట్టు నీళ్లు తెచ్చి గుమ్మరించాను. అది లేచి నన్ను తిట్టిన తిట్లు ఇప్పటికీ చెవుల్లో ఉన్నాయి. అదంతా గోడ మీంచి చూస్తోంది పక్కింటి రత్తమ్మ గారు.

"మూర్ఛ కాదయ్యా మాస్టారూ, దుమ్ములో పొర్లుతోంది. ఒంట్లో పేలు రాలిపోవడానికి కోళ్లు అలా పొర్లుతాయి. నువ్వు తలంటు పోసుకోవా? ఇదీ అంతే," అంది.

రత్తమ్మ గారి గురించి చెప్పాలి. ఆవిడది అమృతలూరు. పొలం కౌలుకిచ్చి, పదేళ్లయింది తెనాలి వచ్చి. వాళ్ల దొడ్లో పద్దెనిమిది నాటుకోళ్లు. వాటికి గూడూ లేదు, నంబర్లూ లేవు, పుస్తకమూ లేదు. చీకటి పడితే జామచెట్టెక్కి పడుకుంటాయి, తెల్లారితే దిగుతాయి. ఆవిడకు మాత్రం ఒక్కొక్కదాని వంశం తెలుసు. 'ఇది మా అమ్మ నాకు సారెతోపాటు పంపిన పెట్ట మునిమనవరాలు' అని చూపించేది. ఆవిడ దొడ్లో ఏనాడూ కోడికి మందు పడలేదు. నేను తెల్లారి లేచి కోళ్ల గూడు కడుగుతుంటే గోడ మీద గడ్డం ఆనించి, సినిమా చూసినట్టు చూసేది.

ఇలా ఉండగా సుగుణ చెల్లెలికి నెలలు నిండాయని రేపల్లె నుంచి కబురొచ్చింది. సుగుణ బయల్దేరింది. వెళ్తూ వెళ్తూ రిక్షాలోంచి తల బయటికి పెట్టి, "మీరు వేళకి తినండి. కోళ్లు వాటంతటవే తింటాయి," అంది.

నేను స్కూలుకి వెళ్లేటప్పుడు గూటి తలుపు తీసి దొడ్లోకి వదిలేవాణ్ణి. పుస్తకంలో ఎండా గాలీ తగలాలని ఉంది. సాయంత్రం వచ్చేసరికి అవే బుద్ధిగా గూటి దగ్గరికి చేరి ఉండేవి. గురువారం సాయంత్రం హాజరు తీసుకుంటూ ఉంటే ఏదో తేడాగా అనిపించింది. తెలుపు అంత తెలుపుగా లేదు. లాంతరు తెచ్చి చూద్దామనుకుని, సర్లే చీకటి పడుతోందని ఊరుకున్నాను. శుక్రవారం సాయంత్రం వచ్చి చూద్దును కదా, పన్నెండుకు పన్నెండూ పచ్చగా ఉన్నాయి.

ఏదో కాస్త కాదండి. మెడలు పచ్చన. రెక్కలు పచ్చన. పొట్ట కింద ఈకలు మరీ పచ్చన. పుస్తకం తెరిచాను. పది పేజీల్లోనూ కోడి పచ్చబడే జబ్బు లేదు. పుస్తకంలో లేని జబ్బంటే కొత్త జబ్బన్నమాట. ఏడో నంబరును ఎత్తుకుని ఈకలు విడదీసి చూశాను, దింపాను, నా చేతుల వంక చూసుకున్నాను. నా చేతులూ పచ్చగా ఉన్నాయి.

అంటుకుంది. నాకూ అంటుకుంది. పరుగెత్తుకెళ్లి అద్దంలో కళ్లు చూసుకున్నాను. బల్బు వెలుతురులో అవీ పచ్చగానే కనిపించాయి. ఇక సందేహం లేదు. పచ్చకామెర్లు. కోళ్లకి, నాకూ. ఆ పూట ఉప్పు లేకుండా మజ్జిగన్నం తిన్నాను, పథ్యం అని. వాటికీ దాణాలో ఉప్పు మానేశాను.

ఇప్పుడు చెప్పబోయేది మీరు స్కూల్లో ఎవరితోనూ అనకూడదు. చిన్నప్పుడు నాకు కామెర్లు వస్తే మా నాయనమ్మ సంగం జాగర్లమూడి తీసుకెళ్లింది. అక్కడ ఒకాయన సున్నపు తేట నా చేతులకు రాసి, నీళ్లు పోసి కడిగేవాడు. పళ్లెంలోకి పచ్చటి నీళ్లు దిగేవి. 'అదుగో, కామెర్లు దిగుతున్నాయి' అనేవాడు. అదంతా ఒట్టి కనికట్టు అని ఏటా పిల్లలకు చెబుతాను నేను. బల్ల గుద్ది చెబుతాను. శుక్రవారం సాయంత్రం మాత్రం నాకు ఆ బల్ల కనిపించలేదు, నాయనమ్మే కనిపించింది. వెల్ల వేయగా మిగిలిన సున్నం వసారాలో ఉంది. నీళ్లు కలిపి, తేట వంచి, పాత పంచె ముక్క ముంచి, ఏడో నంబరును ఒళ్లో పెట్టుకుని రెక్క మీద ఒక్కసారి రాశాను.

రెక్క మీదికి నెత్తురు చిమ్మింది.

అబద్ధం కాదు, నా కళ్ల ముందే పచ్చటి ఈక ఎర్రబడింది. ఇంకోచోట రాశాను. అక్కడా ఎరుపే. మెడ మీద ఎరుపు, వీపు మీద ఎరుపు. నా చేతులూ ఎర్రబడ్డాయి. కోడి మాత్రం నా మొహంలోకి 'ఏంటి నీ గొడవ' అన్నట్టు చూస్తోంది. పాపం, నొప్పి కూడా తెలియని దశకు వచ్చేసిందనుకున్నాను. అయినా ఒక్క ప్రయోగంతో నిర్ణయానికి రాకూడదు కదా. అది నా వృత్తి ధర్మం. రెండో నంబరుకు రాశాను, ఎర్రబడింది. తొమ్మిదికి రాశాను, ఎర్రబడింది. పదకొండుకు రాశాను. ఇక నా వల్ల కాలేదు, బకెట్టు పారబోసి గట్టు మీద కూలబడ్డాను. నాలుగు ఎర్ర కోళ్లు, ఎనిమిది పచ్చ కోళ్లు. చర్మంలోంచి నెత్తురు కారిపోయే జబ్బు. ప్రపంచంలో మొదటిసారి, మా దొడ్లో.

ఏడుపు వచ్చిందండి. వచ్చిందని చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. అవి నా దగ్గరికి వచ్చి నెలన్నర. అప్పుడప్పుడే గుడ్లు పెడుతున్నాయి. తొలి గుడ్డును నేను దూదిలో పెట్టి రేపల్లె పంపించాను, చూలింత తింటుందని. వాటినన్నిటినీ చంపి గొయ్యి తీసి పూడ్చాలా? పుస్తకంలో అంటువ్యాధి వస్తే అదే చేయమని ఉంది. దాని కిందనే ఇంకో వాక్యం కూడా ఉంది. 'ఇరుగుపొరుగు వారికి వెంటనే తెలియజేయాలి.'

అటువైపు పద్దెనిమిది నాటుకోళ్లు, వాళ్లమ్మ సారె కోడి వంశం. తెలియజేయకుండా ఎలా ఉంటాను? ఏడో నంబరును ఎత్తుకుని గోడ దగ్గరికి వెళ్లి పిలిచాను.

"అత్తయ్యగారూ, ఒకసారి ఇలా రండి."

ఆవిడ చేటలో బియ్యం ఏరుకుంటూనే వచ్చింది. చూసింది. చేట కింద పెట్టింది.

"ఏంటయ్యా అది?"

"కోడండి."

"ఎవరిది?"

"నాదేనండి. ఏడో నంబరు."

"నీవి తెల్లవి కదయ్యా."

"మొన్నటిదాకా తెల్లవేనండి. నిన్న పచ్చబడ్డాయి. ఇవాళ ఇలా అయ్యాయి."

నా కోళ్ల సంగతి ఏం చెప్పినా నవ్వే మనిషి, నవ్వలేదు. నాటుకోళ్లకు కొక్కెర తెగులు వస్తే వారంలో వీధి వీధంతా తుడిచిపెట్టుకుపోవడం ఆవిడ అమృతలూరులో కళ్లారా చూసింది. ఎర్ర తెగులు మాత్రం ఎక్కడా చూడలేదు.

"మందుందా?"

"పుస్తకంలో జబ్బే లేదండి. మందెక్కడిది?"

"గోడ దాటి వస్తుందా?"

"గాలికి కూడా వస్తాయండి ఇలాంటివి. తెల్లారే బండికి దీన్ని బాపట్ల తీసుకెళ్లి చూపిస్తాను."

ఆవిడ వెనక్కి తిరిగి తన కోళ్ల వంక చూసింది. అప్పుడే ఒక్కొక్కటీ జామచెట్టు ఎక్కుతున్నాయి.

"మావాటికి ఇవాళ్టికి ఏం లేదు కదా?"

"లేదండి. ఇవాళ్టికి మీవి నిక్షేపంగా ఉన్నాయి," అన్నాను ధైర్యం చెబుదామని.

ఆ మాట ఒక్కటీ అనకుండా ఉండాల్సింది. అప్పుడు నాకు తెలియలేదు.

శనివారం స్కూలుకు సెలవు చీటీ పంపి తెల్లవారే బండి ఎక్కాను. గంపలో ఏడో నంబరు, పైన నా తువ్వాలు. బండి కదిలాక తువ్వాలు కాస్త జారి తురాయి బయటికొచ్చింది. నిడుబ్రోలు వెళ్లే ఒక పెద్దాయన ముందుకు వంగి, "బాబూ, ఇదే జాతి? ఇంత ఎర్రటి పెట్టను నేనెప్పుడూ చూళ్లేదు. పిల్లలు దొరుకుతాయా?" అని అడిగాడు. పక్కనున్న పూలమ్మే ఆవిడ, వాళ్ల ఊరి తిరునాళ్లకు బాగుంటుందంది. ఎంత మంచివాళ్లో. నాకు అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"జాతి కాదండి, జబ్బు. కొత్త జబ్బు. నాకూ అంటుకుంది," అని చేతులు చూపించాను.

ఆ తర్వాత బాపట్ల దాకా ఆ బెంచీ మీద నేనూ, ఏడో నంబరూ, మేమిద్దరమే. కాళ్లు బారజాపుకుని వెళ్లాం. టిక్కెట్టు కలెక్టరు కూడా దూరం నుంచే "చూశాన్లెండి, చూశాన్లెండి" అని వెళ్లిపోయాడు. పొన్నూరు పొలాలు దాటుతుంటే గంపలో గరగరా చప్పుడైంది, మూలిగింది. ఆఖరి ఘడియ అనుకున్నాను. తువ్వాలు తీసి చూసే ధైర్యం లేక పైనుంచే దాని వీపు నిమురుతూ కూర్చున్నాను.

సాంబయ్య గారి కోళ్ల షెడ్డు ఊరి బయట ఉంది. నన్ను చూసి, "రండి మాస్టారండీ, ఆ మందునీళ్ల తొట్టిలో పాదాలు ముంచుకుని లోపలికి రండి," అంటూ ఎదురొచ్చినవాడల్లా గంపలోకి చూసి ఆగిపోయాడు. "ఉండండుండండి. అక్కడే ఉండండి. లోపల మూడొందల కోళ్లున్నాయండి నాకు."

గేటు బయటే నిలబడి జరిగిందంతా ఏకరువు పెట్టాను. గురువారం, శుక్రవారం, పచ్చన, ఎర్రన. ఆయన వింటూ కోడి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కళ్లు చూశాడు. నోరు తెరిచి చూశాడు. రెక్క ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత గంపలో చెయ్యి పెట్టి, గడ్డిలోంచి గుడ్డు తీశాడు. తెల్లటిది, వెచ్చగా ఉంది.

"చావబోయే కోడి గుడ్డు పెట్టి చస్తుందాండీ?" అన్నాడు.

ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, చాలా మెల్లగా, పెద్దమనిషిని నొప్పించకూడదన్నట్టు అడిగాడు.

"ఏమీ అనుకోకండి మాస్టారండీ. ఈ కోడికి దిష్టి ఎవరు తీశారండి?"

"దిష్టా?"

"అదేనండి, పసుపూ సున్నం కలిపి ఎర్రనీళ్లు. ఆ నీళ్లు చుట్టూ తిప్పి వీధిలో పారబోయాలండి. కోడిని అందులో ముంచకూడదు."

ఎవరూ తీయలేదని చెప్పబోయాను. నోరు తెరిచాను. పసుపు. సున్నం. ఎర్రనీళ్లు. నోరు అలాగే ఉండిపోయింది.

ఆయన ఇంట్లోకి కేకేసి నిమ్మకాయ ముక్క తెప్పించాడు. ఏడో నంబరు రెక్క మీద పిండాడు. ఎరుపు పోయి పసుపు వచ్చింది, నిమిషం కూడా పట్టలేదు. "చూశారాండీ, సున్నానికి పులుపు తగిలితే విరిగిపోతుందండి. కింద అసలు రంగు ఇదన్నమాట. ఒట్టి పసుపు," అన్నాడు. ఐదో తరగతితో చదువు ఆపేసిన మనిషి, ఏట్లో చేపను చూపించినంత సుళువుగా చూపించాడు. పసుపు కాగితం సున్నపు నీళ్లలో ముంచితే ఎర్రబడుతుందని, ఆమ్లం చుక్క వేస్తే మళ్లీ పచ్చబడుతుందని పన్నెండేళ్లుగా తొమ్మిదో తరగతికి చెబుతున్నవాణ్ణి నేను. ఆ పాఠానికి జవాబు రాయలేదని కిందటేడు ఇద్దర్ని బెంచీ ఎక్కించాను కూడా.

"మీ ఇంటి దగ్గర పసుపు ఆడించే కొట్టుందాండి?" అని అడిగాడు.

ఉంది. మా దొడ్డి వెనక గోడ అవతలే ఉంది. సీజన్లో పొద్దున్నుంచీ సాయంత్రందాకా పసుపు కొమ్ముల్ని డ్రమ్ముల్లో పోసి గడగడా తిప్పుతారు, మెరుగు రావడానికి. రాలిన పొట్టూ దుమ్మూ గోడవారన కుప్ప పోస్తారు. ఆ చప్పుడు మా చెవులకి, ఆ వాసన మా ముక్కులకి ఎప్పుడో అలవాటైపోయాయి. ఆ గోడకు కింద ఒక మూల ఇటుకలు ఊడిపోయి నాలుగేళ్లయింది. నేను స్కూలుకు వెళ్లగానే పన్నెండుమందీ అందులోంచి దూరి, మెత్తటి పసుపు కుప్పలో హాయిగా దుమ్ముస్నానాలు చేసి, నేను వచ్చే వేళకు ఇల్లు చేరుతున్నాయన్నమాట. మట్టిలో పొర్లితే నీళ్లు గుమ్మరించే మాస్టారుంటే పాపం అవి మాత్రం ఏం చేస్తాయి?

"జబ్బు లేదాండీ?" అని మళ్లీ అడిగాను.

"లేదండి."

"ఒక్కదానికీ లేదాండీ?"

"కోళ్లకు లేదండి," అన్నాడు సాంబయ్య గారు.

ఎంత సంతోషమేసిందో చెప్పలేను. సిగ్గు తర్వాత పడొచ్చు. గొయ్యి తీయక్కర్లేదు, సుగుణకు సంజాయిషీ చెప్పక్కర్లేదు, పన్నెండూ బతికినట్టే. బాపట్ల స్టేషన్లో పకోడీలు కొని, ఉప్పు వేసినవి, రెండు రోజుల పథ్యం తీర్చుకున్నాను. ఏడో నంబరుకూ ఒక ముక్క పెట్టాను. తిరుగు బండిలో ఎవరడిగితే వాళ్లకు తువ్వాలు తీసి చూపించాను. తెనాలి స్టేషన్లో దిగి రిక్షా ఎక్కి, ముందు రత్తమ్మ గారికి చెప్పాలి, గేటు దగ్గర్నుంచే కేకేసి చెప్పాలి అనుకుంటూ వస్తున్నాను. పాపం ఆవిడకు రాత్రంతా నిద్ర పట్టి ఉండదు.

వీధి మలుపు తిరిగేసరికి మసాలా వాసన. కమ్మటి వాసన. మొదటి ఇంట్లోంచి అనుకున్నాను. రెండో ఇంట్లోంచీ వస్తోంది, మూడో ఇంట్లోంచీ. పోస్టుమాస్టరు గారు వాకిట్లో చెయ్యి కడుక్కుంటూ, "రండి మాస్టారూ, మీ ధర్మమా అని ఇవాళ వీధంతా పండగ," అన్నారు. నా ధర్మమేంటి? రిక్షా దిగాను. రత్తమ్మ గారి దొడ్లోకి చూశాను.

జామచెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి మీద గుండిగ. పక్కన ఈకల గుట్ట, నల్లవి, ఎర్రవి, చుక్కలవి. చెట్టు మీద ఒక్క పిట్ట లేదు. చీరకొంగుతో మొహం తుడుచుకుంటూ ఆవిడ నావైపు వచ్చింది.

"వచ్చావా నాయనా? నీ మాట మీదే కోయించేశాను. ఇవాళ్టికి బాగున్నాయన్నావు కదా. జబ్బు పట్టాక కోస్తే ఎవరు తింటారు, పట్టకముందే తినాలి కానీ. పద్దెనిమిదీ అయిపోయాయి. వీధిలో ప్రతి ఇంటికీ గిన్నె పంపాను. నీ వంతు తీసి పెట్టాను," అని గిన్నె చేతిలో పెట్టింది. తర్వాత గొంతు తగ్గించి అంది. "మా అమ్మ కోడి మునిమనవరాల్ని మాత్రం నేను ముట్టుకోలేదు. తినలేకపోయాను."

మా ఊళ్లలో ఇది మామూలేనని మీకు తెలుసు. పక్క దొడ్లో తెగులు పడిందంటే తమ దొడ్లోకి రాకముందే కోసుకు తినేస్తారు. ఏ పుస్తకంలోనూ లేని ఈ జాగ్రత్త ఆవిడకు తెలుసు. నాకు తెలియదు. గిన్నె పట్టుకుని నిలబడ్డాను. గంపలోంచి ఏడో నంబరు తల బయటికి పెట్టి, ఎంతో ఉల్లాసంగా కొక్కొరొక్కోమన్నంత పని చేసింది.

చెప్పాను. అంతా చెప్పాను. పసుపు, గోడకు కన్నం, సున్నం, నిమ్మకాయ. ఆవిడ వింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "అంటే మావాటికి ఏమీ వచ్చేది కాదు," అని మాత్రం అంది. అని, ఆ ఖాళీ చెట్టు వంక చూసింది. నాకు నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. ఆ గిన్నెలో ఉన్నది నేను ముద్ద కూడా మింగలేకపోయాను.

ఆదివారం మధ్యాహ్నం రేపల్లె బండికి సుగుణ వచ్చింది. చెల్లెలికి ఆడపిల్లట, తల్లీబిడ్డా క్షేమంట. సంచి దించుకుంటూ దొడ్లోకి చూసి, "ఇవేంటి, హోళీ ఆడాయా?" అంది. మళ్లీ మొదటినుంచీ చెప్పాను. మధ్యలో ఒకసారి కూడా నవ్వలేదు. మీలాగా కాదు. అయిపోయాక లేచి, గంప తీసుకుని, గూటి దగ్గరికి వెళ్లింది.

"ఒక్కటీ చావలేదు కదా, నీ షరతు ప్రకారం..." అన్నాను.

"చావలేదు. అవి చావలేదు," అంది. "ఆవిడ దొడ్డి ఖాళీ చేసింది మీరు. నింపాల్సింది కూడా మనమే."

నాలుగు విడతలుగా, మూడేసి చొప్పున, పచ్చవీ ఎర్రవీ గోడ మీంచి అందించింది. నేనూ అడ్డం చెప్పలేదు. ఏడో నంబరును నేనే ఇచ్చాను. రత్తమ్మ గారు వద్దు వద్దంటూనే కొంగు పట్టింది. చీకటి పడే వేళ చూస్తే, గూట్లో తప్ప పడుకోవని పుస్తకంలో రాసిన సీమ కోళ్లు ఒకదాని వెనక ఒకటి జామచెట్టు ఎక్కుతున్నాయి. పుస్తకం కూడా ఆవిడకిద్దామని తీసుకెళ్లాను. పొయ్యి రాజేయడానికి పనికొస్తుందని తీసుకుంది.

రోజూ సాయంత్రం నేను గోడ దగ్గరే ఉంటున్నాను. రత్తమ్మ గారు మంచి మనిషి, దేనికీ కాదనలేదు. గోడ మీంచి ఎంతసేపైనా చూసుకోవచ్చంది. నంబర్లు పెట్టి పిలుచుకోవచ్చంది. హాజరు కూడా తీసుకోవచ్చంది. ఒక్క షరతు మాత్రం పెట్టింది. వాటిలో దేనికైనా జబ్బు చేస్తే, ఊరందరికీ చెబుతుందట కానీ నాకు మాత్రం చెప్పదట.